గోడవైపు తిప్పిన లాంతర్లు

మిరపకాయల ఫ్యాక్టరీలో సమ్మె మొదలైన వారానికి, అదే ఫ్యాక్టరీ బండి మా వాకిట్లో ఖాళీ డబ్బాలు దించి వెళ్లింది. ఏటా అక్టోబరులో వచ్చే బండే. సొట్టలు పడ్డవి, మూతలు బిగియనివి, వెనిగర్ వచ్చే నలుచదరపు పెద్ద డబ్బాలు, అన్నీ మా అత్తగారు దోన్యా ఎపిఫానియాకు చేరేవి. ఆవిడ వాటికి మేకుతో చిల్లులు పొడిచి లాంతర్లు చేసేది. డిసెంబరులో, క్రిస్మస్ ముందు తొమ్మిది రాత్రులు జరిగే పోసాదాల పండుగ మొదటి సాయంత్రం యజమాని దోన్ అన్సెల్మో ఫ్యాక్టరీ ఆవరణలో రాజధాని వ్యాపారులకు విందు ఇస్తాడు. కరెంటు దీపాలు ఆర్పేసి మా అత్తగారి లాంతర్లు వెలిగిస్తారు. విందయ్యాక వచ్చినవాళ్లు తలా ఒకటి ఇంటికి పట్టుకుపోతారు. ఏడాది పొడుగునా ఆవిడ పనంతా ఆ ఒక్క సాయంత్రం కోసమే అన్నా తప్పులేదు.

బండి వచ్చిన వేళకు నా కూతురు ఎలోయీసా ఆ ఫ్యాక్టరీ గేటు బయట, ఎరుపూ నలుపూ సమ్మె జెండా కింద కూర్చుని ఉంది.

మిరపకాయకు తొడిమ తీసి, చీల్చి, గింజలు దులపడం ఆడవాళ్ల పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒట్టి చేతులతో. ఇంటికొచ్చాక ఎలోయీసా అరచేతులు పెనం మీద పెట్టినట్టు మండేవి. కంట్లో నలక పడితే మోచేత్తో తుడుచుకునేది. గ్లౌజులు ఇమ్మన్నారు. చేతులు బొబ్బలెక్కి రాలేకపోయిన రోజుకు జీతం కోయొద్దన్నారు. రెండూ కుదరవన్నాడు దోన్ అన్సెల్మో. మిరప పంట లారీల్లో దిగుతున్న సమయం చూసుకుని ఆడవాళ్లంతా కాయలు కదిలే బెల్టు దగ్గర్నుంచి లేచి బయటికొచ్చేశారు.

ఆ సాయంత్రం ఎలోయీసా ఇంటికొచ్చి, డబ్బాల గుట్ట చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వీటిని తిరిగి పంపేస్తావు కదా అమ్మమ్మా," అంది.

"ఎందుకు పంపాలి? డబ్బాలు నిన్నేమన్నాయి?"

"మమ్మల్ని ఎండలో కూర్చోబెట్టినవాడి విందుకి దీపాలు కడతావా?"

"నాకు చేతనైన పని ఇదొక్కటే. నువ్వు పని మానేశావు, నీ ఇష్టం. నన్ను మానమని చెప్పకు."

ఆ తర్వాత మనవరాలు అమ్మమ్మతో మాట్లాడటం మానేసింది. ఒకే బల్ల దగ్గర తినేవాళ్లు. ఉప్పు కావాలంటే ఇద్దరూ నన్నే అడిగేవాళ్లు. నా భార్య మార్తినా పోయి అప్పటికి మూడేళ్లు దాటింది. అది అత్తగారి ఇల్లు. కూతురు లేని ఇంట్లో అల్లుడికేం పని అని ఆవిడ ఎన్నడూ అనలేదు, వెళ్లిపోతానని నేనూ అనలేదు. అంత మంచి మనసున్న ఇంట్లో ఉప్పు అందించడానికి నాకేం కష్టం లేదు.

నేను ఊళ్లో సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. స్కూలు కమిటీకి పెద్ద దోన్ అన్సెల్మోనే. జెండా కింద కూర్చుంటే బాగుండదని హెడ్మాస్టరు ఒకరోజు నా పక్కన నడుస్తూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. అందుకని రోజూ స్కూలు వదిలాక గేటు ఎదురుగా ఉన్న బేకరీ మూల నిలబడేవాణ్ణి. ఎలోయీసా కనపడగానే టోపీ తీసేవాణ్ణి. ఆమె చేయి ఊపేది. బేకరీ ఆవిడ నన్ను చూసీ చూడనట్టు నా కోసం ఒక స్టూలు బయట వేసేది. అది కూడా గేటు వైపే తిప్పి వేసేది.

ఇంట్లో అత్తగారి పని ఆగలేదు. ఖాళీ డబ్బా మీద మేకు పెట్టి కొడితే రేకు లోపలికి కుంగిపోతుంది. అందుకని నీళ్లు పోసి, చుట్టూ తాళ్లు బిగించి, ఐసు ఫ్యాక్టరీకి పంపాలి. వెనకాల ఐసు గట్టిగా ఉంటే మేకు ఎంత కావాలంటే అంతే దిగుతుంది. డబ్బా నిండా పోస్తే గడ్డకట్టేటప్పుడు ఉబ్బి అడుగు ఊడొస్తుంది, నాలుగు వేళ్లు వెలితి ఉంచాలి. ఐసు కరిగేలోపు పొడవడం అయిపోవాలి. ఐసు ఫ్యాక్టరీ మాక్లోవియో మధ్యాహ్నం తోపుడుబండి మీద గడ్డకట్టిన డబ్బాలు తెచ్చేవాడు. ఎలోయీసా చేతుల సంగతి విన్నాక, చిల్లుల పనికి అక్కర్లేని ఒక చిన్న ఐసు దిమ్మ కూడా రోజూ బండిలో పెట్టేవాడు. "మిగిలిపోయింది మాస్టారూ," అనేవాడు. ఐసు ఫ్యాక్టరీలో ఐసు రోజూ ఎలా మిగులుతుందో నేను అడగలేదు.

ఒక సాయంత్రం అత్తగారు పెద్ద డబ్బా ముందేసుకుని పావురం బొమ్మ పొడుస్తోంది. గేటు దగ్గర్నుంచి వచ్చిన ఎలోయీసా పలకరించకుండానే డబ్బాకి అటువైపు చతికిలబడి, రెండు అరచేతులూ చల్లటి రేకుకు ఆనించింది. సమ్మెకు పదిహేను రోజులు దాటినా పగుళ్లు మానలేదు. కళ్లు మూసుకుంది. అత్తగారు సుత్తి దెబ్బ తగ్గించి, నెమ్మదిగా పొడవసాగింది.

"కదులుతోంది, గట్టిగా పట్టుకో," అంది కాసేపాగి.

డబ్బా కదలడం లేదు. నేను చూస్తూనే ఉన్నాను. ఎలోయీసా మాత్రం మారుమాట లేకుండా గట్టిగా పట్టుకుంది. ఆ రోజు నుంచి ఐసు కరిగేదాకా అమ్మమ్మ పొడవడం, మనవరాలు పట్టుకోవడం మా ఇంట్లో మామూలైపోయింది. మాటలు మాత్రం ఇంకా లేవు.

నవంబరు ఆఖర్లో లేబర్ బోర్డు తీర్పు వచ్చింది. సమ్మె తప్పని అనలేదు, ఆపమనీ అనలేదు. ఆ ఫ్యాక్టరీలో సమ్మె లేదు అంది. పనివాళ్లలో ఎక్కువమంది సమ్మెకు ఒప్పుకోలేదని కంపెనీ చెప్పింది, బోర్డు ఔనంది. గేటు దగ్గరికొచ్చి ఒక్కసారి తలలు లెక్కపెట్టండని ఆడవాళ్లు అడిగితే, లేని సమ్మెకు లెక్కేమిటని జవాబొచ్చింది. మధ్యాహ్నం పోలీసులొచ్చి జెండా విప్పుకుపోయారు. గోడ మీద ఆడవాళ్లు రాసిన నినాదాలపై సున్నం కొట్టారు. గోడ మీద మళ్లీ గీత గీసినవాళ్లు జైల్లో ఉంటారని చెప్పి వెళ్లారు. ఆవరణ గోడలు లోపలా బయటా పెళ్లికి సిద్ధం చేసినట్టు తెల్లగా మెరిసిపోయాయి.

ఎలోయీసా ఇంటికొచ్చి ఈ మాట చెప్పినప్పుడు అత్తగారు సుత్తి ఆపింది.

"లేదంటే?" అని నా వైపు చూసింది. "నువ్వు చదువుకున్నవాడివి, చెప్పు అల్లుడూ."

చట్టం దృష్టిలో సమ్మె మొదలే కాలేదనీ, ఆ ఆడవాళ్లు ఊరికే పనికి రావడం మానేశారనీ, ఇప్పుడు కంపెనీ ఇష్టమొచ్చినవాళ్లను తీసేయొచ్చనీ చెప్పాను.

"మరి రెండు నెలలుగా నా మనవరాలు రోజూ ఎక్కడికి పోతోందట?"

"అది వాళ్లు రాయలేదు."

"మేం లెక్కలో లేం అమ్మమ్మా," అంది ఎలోయీసా. చాలా రోజుల తర్వాత ఆమె నేరుగా అమ్మమ్మతో అన్న మొదటి మాట అది. "జెండా పోయింది. కూర్చున్నా ఎందుకు కూర్చున్నామో దారినపోయేవాళ్లకి తెలియదు. ఈరోజే కొంతమంది ఇళ్లకి వెళ్లిపోయారు. పోసాదాల దాకా నిలబడతామో లేదో. ఆ విందుకి బోర్డు సెక్రటరీ కూడా వస్తున్నాడట. ఆవరణ ఎంత ప్రశాంతంగా ఉందో చూపిస్తారట."

అత్తగారు సుత్తి కింద పెట్టింది. తర్వాత లేచి, చేతులు గౌనుకి తుడుచుకుని, నా బల్ల మీద ఉన్న గళ్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఉన్నాం అని రాయి. ఆ ఒక్క మాటే, పెద్దగా."

రాశాను. మర్నాడు ఆ కాగితం వెనిగర్ డబ్బాకి అతికించి, అక్షరాల వెంట మేకు దించింది. పొద్దుగుంకాక లోపల నూనెదీపం పెట్టి, అక్షరాలున్న వైపును వాకిట్లో గోడకి తిప్పాం. ముగ్గురం వెనక నిలబడి చూశాం. గోడ మీద కోడి గీరినట్టు ఏవో చుక్కల గీతలు పడ్డాయి.

మా అత్తగారు జీవితమంతా నక్షత్రాలు, పావురాలు, పువ్వులు పొడిచింది. నక్షత్రాన్ని ఎటు తిప్పినా నక్షత్రమే. అక్షరం జోలికి ఆవిడ ఎన్నడూ పోలేదు. బడిలో అద్దం ప్రతిబింబాల పాఠం ఏటా చెప్పే నాకూ తట్టలేదు. డబ్బా మీద సరిగ్గా ఉన్న మాట గోడ మీద తిరగబడి పడింది.

"ఇదేం భాష? చదువు రాక నాకు తెలియడం లేదా, మీకూ తెలియడం లేదా?" అంది అత్తగారు.

ముందు ఎలోయీసాకి నవ్వొచ్చింది. తర్వాత ఆవిడకి. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఊపిరాడనంత నవ్వారు. మార్తినా పోయాక ఆ వాకిట్లో అలాంటి నవ్వు వినలేదు. నేను దీపం సరిచేస్తున్నట్టు వంగి, కొంచెంసేపు అలాగే ఉన్నాను.

కాగితం తిరగేసి పొడిస్తే సరిపోతుందన్నాను. ఎలోయీసా నవ్వు ఆపేసింది. డబ్బా దగ్గరికి వెళ్లి దాని మీద వేళ్లు ఆడించింది.

"అలా పొడిస్తే డబ్బా మీద చూసినవాళ్లకి ఏమీ అర్థం కాదు కదా నాన్నా. వెలిగిస్తేనే తెలుస్తుంది."

అత్తగారు ఆమె ముఖంలోకి చూసింది. ఆ లాంతరు ఎక్కడ వెలగబోతోందో అప్పుడు ముగ్గురికీ ఒకేసారి తెలిసింది.  అత్తగారు లోపలికి వెళ్లి సన్నటి మేకొకటి వెతికి తెచ్చింది. లావు మేకుతో అక్షరాలు, సన్న మేకుతో వాటి చుట్టూ తీగలూ ఆకులూ. పగటిపూట చూస్తే అంతా ఒకటే అల్లిక. దీపం పెడితే సన్న చిల్లుల వెలుగు గోడ దాకా పోయేసరికి మసకబారుతుంది, లావువి నిలబడతాయి. వత్తి గోధుమగింజంత ఉండాలి, ఎత్తయితే చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇవన్నీ ఆవిడ రోజుకొకటి చేసి చూసి పట్టుకుంది. పెద్ద డబ్బాలన్నిటికీ ఒకవైపు నక్షత్రాలు, పావురాలు. రెండోవైపు అక్షరాలు దాచిన ఆ తీగల అల్లిక.

సరుకు చూసుకోవడానికి ఫ్యాక్టరీ గుమాస్తా లిబొరియో వచ్చాడు. మనవరాలు గేటు బయట ఉందన్న సంగతి అతనికి తెలుసు, అందుకే ఆ ఏడు ఒక్కో లాంతరూ ఎత్తి చుట్టూ తిప్పి చూశాడు. నేను వరండాలో స్కూలు పేపర్లు దిద్దుతున్నాను. ఒకే పేపరు మూడుసార్లు దిద్దాను.

"ఈ ఏడు తీగపని కొత్తగా ఉందే దోన్యా," అన్నాడు.

"ముసలిదాన్నయ్యాను బాబూ. గీత వంకర పోతోంది."

"వంకరలోనే ఉంది అందం. దొరగారికి నచ్చుతుంది," అని బండికెత్తించాడు.

విందు రోజు మధ్యాహ్నం నేనూ అత్తగారూ లాంతర్లు కట్టడానికి వెళ్లాం. ఏటా మేమే కడతాం. గేటు బయట పదిహేను ఇరవైమంది కంటే ఎక్కువ లేరు. ఎలోయీసా మా వైపు చూడలేదు, అలా అనుకున్నదే. గేటు కాపలా తిబుర్సియో మాకు తలుపు తీసి, ఆడవాళ్లకి వినపడకుండా, వాళ్లకి తాగడానికి నీళ్లు ఇవ్వొద్దని కొత్తగా ఆర్డరొచ్చిందని చెప్పాడు. అతని కుర్చీ పక్కన మూడు కుండలున్నాయి. ఒక మనిషి అన్ని నీళ్లు తాగడు.

ఆవరణ పొడుగునా తెల్లగోడకి బారెడు దూరంలో ఇనప తీగ లాగి ఉంది. దానికే లాంతర్లు కట్టాలి. నిచ్చెన వేశాక అత్తగారు నా చొక్కా అంచు పట్టుకుంది.

"నేను ఎక్కలేను. పైన నువ్వే ఉంటావు," అంది. "నక్షత్రాల వైపు గోడకి తిప్పావంటే గోడ మీద నక్షత్రాలే పడతాయి. నేనేమీ అనుకోను. ఎలోయీసాకి నేను చెప్పుకుంటాను. ఇంట్లో నెలనెలా వచ్చే జీతం నీదొక్కటే."

నేను నిచ్చెన ఎక్కాను. మార్తినా ఉన్నప్పుడు కింద ఆమె పట్టుకునేది. ఇప్పుడు వాళ్లమ్మ పట్టుకుంది. పట్టు మాత్రం ఒకటే. ఏటా ఒక్కో లాంతరునీ ఒక కట్టుతీగతో వేలాడదీసేవాణ్ణి. ఆ రోజు రెండేసి కట్టుతీగలతో కట్టాను, గాలికి ముఖం తిప్పుకోకుండా. మొదటిది కట్టి దిగి, నిచ్చెన జరిపి, రెండోది కట్టాను. అత్తగారు ఒకసారి పైకి చూసి తల దించుకుంది. చివరిది కట్టేసరికి నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. డిసెంబరు చలిలో.

పొద్దు వాలాక అతిథులొచ్చారు. గోడకి అటుపక్క వంటశాలలో పంది మాంసం ఉడుకుతోంది, జామపండ్లూ దాల్చినచెక్కా వేసి కాచిన పొంచే అనే పానకం ఆవిరి కమ్మగా వస్తోంది. దోన్ అన్సెల్మో బోర్డు సెక్రటరీని చేయి పట్టుకుని ఆవరణంతా తిప్పుతున్నాడు. సెక్రటరీ బక్కపల్చటి మనిషి, మెడకి మఫ్లరు చుట్టుకుని, ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడుతున్నాడు. అత్తగారు పొడుగాటి పుల్లతో లాంతర్లు ఒక్కొక్కటీ వెలిగించుకుంటూ పోయింది. కరెంటు దీపాలు ఉండగా వెలుగు ఏమీ తెలియలేదు. పాట మొదలుపెట్టడానికి అందరికీ కొవ్వొత్తులు పంచారు. దోన్ అన్సెల్మో చెయ్యెత్తాడు. లిబొరియో మీట నొక్కాడు.

గోడ మీద ఆ మాట వచ్చింది. ఒక్కచోట కాదు, గోడ ఆ చివర నుంచి ఈ చివర దాకా, లాంతరుకొకసారి. మనిషంత ఎత్తు అక్షరాలు. దీపం కాస్త ఊగినప్పుడు అవీ ఊపిరి తీసుకున్నట్టు కదిలాయి.

 రాజధాని నుంచి వచ్చిన ఒకావిడ కళ్లజోడు సర్దుకుని, ఏమీ తెలియని గొంతుతో పైకి చదివింది.

"ఉన్నాం. ఎంత బావుందండీ, దోన్ అన్సెల్మో. ఎవరు?"

దానికి జవాబు గేటు బయట నుంచి వచ్చింది. పోసాదాలకు బయటివాళ్లు పాడే పాట. చలిలో ఉన్నాం, చోటివ్వండి అని బతిమాలుకునే పాట. ఎలోయీసా గొంతు అందులో నేను గుర్తుపట్టాను. అయితే అది పదిహేనుమంది గొంతు కాదు. ఇళ్లకి వెళ్లిపోయినవాళ్లు కూడా తిరిగి వచ్చారని ఆ పాట జోరుని బట్టే తెలిసింది. పుట్టినప్పటి నుంచి ప్రతి డిసెంబరులో పాడిన పాట కదా, లోపలున్నవాళ్ల నోళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, కళ్లజోడావిడ, రాజధాని వ్యాపారులు, అందరూ కలిసి లోపలివాళ్ల చరణం అందుకున్నారు. చోటు లేదు, పొండి. బయటివాళ్లు మళ్లీ అడిగారు. లోపలివాళ్లు మళ్లీ కాదన్నారు. ఆపండని దోన్ అన్సెల్మో రెండుసార్లు అన్నాడు. కానీ సగంలో ఆపే పాట కాదది. ఆఖరి చరణంలో లోపలివాళ్లు తలుపు తీస్తారు. ఆ చరణం రాగానే తిబుర్సియో గేటు బార్లా తీశాడు.

తర్వాత ఎందుకు తీశావని దోన్ అన్సెల్మో అడిగితే, "అలవాటండీ," అన్నాడు.

ఆడవాళ్లు లోపలికి రాలేదు. గేటు సరిహద్దు గీత మీద వరసగా నిలబడ్డారు. ఒక్క అడుగు లోపల పెట్టినా చొరబడ్డారని కేసు పెడతారని ఎలోయీసా వాళ్లకి ముందే చెప్పింది. ఎవరి కాలివేళ్లూ గీత దాటలేదు. వాళ్ల వెనక వీధి నిండా జనం. బేకరీ ఆవిడ, మాక్లోవియో, నా స్కూలు పిల్లల తల్లులు. బోర్డు సెక్రటరీ మఫ్లరు వదులు చేసుకుని, కొవ్వొత్తి చేతిలో పట్టుకునే, గోడ మీది మాటనీ గేటు దగ్గరి మనుషుల్నీ మార్చి మార్చి చూశాడు. ఎంతమంది ఉంటారని పక్కనున్న లిబొరియోని నెమ్మదిగా అడిగాడు. 

దోన్ అన్సెల్మో మా అత్తగారి దగ్గరికి వచ్చాడు. కేకలు వేయలేదు. అతిథులున్నారు.

"ఇక నా ఫ్యాక్టరీ నుంచి ఒక్క డబ్బా కూడా నీ ఇంటికి రాదు దోన్యా."

"రాకపోతే పోనీండి," అంది అత్తగారు. "ఊళ్లో రోజూ ఎవరో ఒకరు డబ్బా తెరిచి తింటూనే ఉంటారు."

అతను నా వైపు తిరిగాడు. "మాస్టారూ, ఇవి ఎటు తిప్పి కట్టాలో మీకు తెలియదనుకుంటాను."

"తెలుసండీ," అన్నాను. "తెలిసే కట్టాను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అత్తగారు నా మోచెయ్యి పట్టుకుంది, ఇద్దరం ఆవరణ మధ్య నుంచి గేటు దాకా నడిచాం. నిచ్చెన అక్కడే వదిలేశాం. లిబొరియో దీపాలు ఆర్పడానికి పరుగెత్తాడు, కాగిన రేకు పట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వంటశాల నుంచి ఒకామె తడిగుడ్డ తెచ్చి ముందు అతని చేతికి చుట్టింది. ఆ సాయంత్రపు సంగతుల్లో నాకు అది కూడా బాగా గుర్తుంది. గేటు గీత దగ్గర ఆడవాళ్లు పక్కకి జరిగి దారిచ్చారు. ఎలోయీసా తన శాలువా సగం తీసి అమ్మమ్మ భుజాల మీద కప్పింది. బేకరీ మూలకి పోకుండా నేనూ వాళ్లతోపాటే కూర్చున్నాను.

క్రిస్మస్ సెలవుల తర్వాత నన్ను కొండమీది ఊరి బడికి మార్చారు. పొద్దున్నే బస్సులో పోయి చీకటిపడేలోగా వచ్చేవాణ్ణి. డ్రైవరు నా కోసం కుడివైపు కిటికీ సీటు ఉంచేవాడు, ఎండ పడేది. మా వాకిట్లో మాత్రం డబ్బాలు తగ్గలేదు. ఊరివాళ్లు బీన్సువి, చేపలవి, పాలపొడివి కడిగి తెచ్చి గోడ పక్కన పెట్టి పోయేవాళ్లు. ఎవరు పెట్టారో తెలిసేది కాదు. అత్తగారు విసుక్కునేది, చేప వాసన పోవడం లేదని. మనవరాలు ఆవిడ పక్కన కూర్చుని సబ్బుతో తోమేది. గేటుకి జెండా మళ్లీ కట్టారు. ఈసారి దాన్ని విప్పడానికి ఎవరూ రాలేదు. గ్లౌజులు చేతికి రావడానికి ఈస్టర్ దాటాల్సి వచ్చింది.

కానీ నా మట్టుకు ఆ కాలం జనవరిలో ఒక పొద్దున ముగిసింది. లేదని తేల్చిన సమ్మెను లెక్కపెట్టడానికి బోర్డు సెక్రటరీ స్వయంగా వచ్చాడు. విందులో కనపడిన మఫ్లరే. ఆవరణలో బల్ల వేయించుకున్నాడు. ఆఫీసు కిటికీ వెనక దోన్ అన్సెల్మో, అతని వకీలు నిలబడ్డారు. ఆడవాళ్లు వరస కట్టారు. ఆ రోజు నేను బడికి సెలవు పెట్టి గేటు గీతకి ఇవతల అత్తగారి పక్కన నిలబడ్డాను.

వరసలో ముందు ఎలోయీసా ఉంది. పేరు అడిగాడు, చెప్పింది. ఎన్నాళ్ల నుంచి పనిచేస్తున్నావని అడిగాడు, చెప్పింది. అతను తలెత్తకుండానే తర్వాతి ప్రశ్న వేశాడు.

"ప్రస్తుతం చేస్తున్న పని?"

"సమ్మె," అంది నా కూతురు.

సెక్రటరీ కలం ఆగింది. కిటికీ వైపు చూశాడు. మళ్లీ ఎలోయీసా వైపు చూశాడు. ఆమె అరచేతులు బల్ల మీద ఆనించి నిలబడి ఉంది.

"అలాగే రాయమంటావా అమ్మా?"

"అలాగే రాయండి. రాసి చదవండి."

అతను రాశాడు. తర్వాత గొంతు సవరించుకుని, వరస చివరున్నవాళ్లకి కూడా వినపడేలా చదివాడు.